తేరుకోవడానికి ఎంతసేపు

డయాలసిస్ వార్డులో ఆమెకు పేషెంట్లు పెట్టిన పేరు గంటల డాక్టరమ్మ. నిజానికి ఆమె మందులు రాసే డాక్టరు కాదు, పరిశోధకురాలు. కిడ్నీలు చెడిపోయి మిషను మీద ఆధారపడ్డవాళ్ళు ఎలా బతుకుతున్నారన్నది ఆమె తెలుసుకోవలసిన సంగతి. అందుకోసం కుర్చీ కుర్చీకీ తిరిగి ఒకటే ప్రశ్న వేసేది. పోయినసారి మిషను దిగాక తేరుకోవడానికి ఎంతసేపు పట్టింది? వార్డులో అందరూ ఆ ప్రశ్నను ఆమె గొంతుతో సహా అనుకరించి నవ్వుకునేవాళ్ళు.

ప్రశ్న చిన్నదే గానీ దాని వెనక పెద్ద వ్యవహారమే ఉంది. పేషెంట్లు పెరిగిపోయి మిషన్లు చాలక, ఉదయం బ్యాచికి నాలుగు గంటల డయాలసిస్‌ను మూడున్నరకు కుదించారు. ఒంట్లో చేరిన నీరు మాత్రం తగ్గదు కదా, అదే నీటిని తక్కువ టైములో గబగబా లాగేయాలి. దానివల్ల మనిషి ఎంత నలిగిపోతాడో తేల్చడం ఆమె పని. పెద్దగా నలగడని తేలితే అన్ని బ్యాచిలకూ అరగంట కోసేసి, బయట నెలల తరబడి కాచుకుని ఉన్నవాళ్ళకు కొత్త బ్యాచి పెడతారు. ఆ కాచుకున్నవాళ్ళను తలుచుకుంటే ఆమెకు నిద్ర పట్టేది కాదు. కాబట్టి నలగడనే తేలాలని ఆమె మనసులో గట్టిగా ఉండేది. ఉండకూడదు, కానీ ఉండేది.

పని మొదలుపెట్టిన రోజే ఆమెకు పై అధికారి అయిన పెద్ద డాక్టరు ఒక మాట అన్నాడు. ఈ ప్రశ్న నువ్వు అడగొద్దు, వాళ్ళకు ముక్కూ ముఖం తెలియని మనిషినెవరినైనా పెట్టి అడిగించు అని. పైగా మీ మామయ్య ఆ బ్యాచిలోనే ఉన్నాడాయె అని కూడా గుర్తుచేశాడు. ఆమె నవ్వేసింది. ముక్కూ ముఖం తెలియనివాళ్ళతో ఎవరు మనసు విప్పుతారు, నాతో అయితే కడుపులో ఉన్నదంతా చెప్పేస్తారని అంది. ఆ మాట అనేటప్పుడు ఆమెకు కాస్త గర్వంగా కూడా ఉంది. పెద్ద డాక్టరుకు సవాలక్ష పనులు, సరేలెమ్మని ఊరుకున్నాడు.

మామయ్య అంటే తల్లికి స్వయానా అన్న. తండ్రి పోయాక తల్లినీ ఆమెనూ తన ఇంట్లో పెట్టుకుని సాకింది ఆయనే. బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. మిషను మీద కూర్చుంటే బండి సర్వీసింగుకు ఇచ్చానని అందరినీ నవ్వించేవాడు. తేరుకోవడానికి ఎంతసేపని మేనకోడలు అడిగితే, అరగంట కూడా పట్టదమ్మడూ, ఇంటికెళ్ళి చెప్పులు విడవకుండానే కూరగాయలకు పోతానని చెప్పేవాడు. పక్క కుర్చీ టైలరమ్మ కూడా అంతే. వెళ్ళగానే మిషను ముందు కూర్చుని రవికలు కుడతానని, ఈ మిషను దిగి ఆ మిషను ఎక్కడమే తన బతుకని చెప్పేది. ఉదయం బ్యాచి మొత్తం ఇంచుమించు ఇలాగే చెప్పింది. లెక్కలు అద్దంలా వచ్చాయి.

నివేదిక చూసి పెద్ద డాక్టరు భుజం తట్టాడు. వచ్చే నెల నుంచి అందరికీ మూడున్నర గంటలే, ఆసుపత్రి కమిటీ కాగితం మీద సంతకం పెట్టడమే తరువాయి అన్నాడు. ఆమె గాల్లో తేలిపోయింది. ఈ కబురు మొదట మామయ్యకే చెప్పాలనుకుని, ఆ మధ్యాహ్నమే వాళ్ళింటికి బయల్దేరింది. మామయ్యకు ఆ ఉదయమే డయాలసిస్ అయింది. ఈపాటికి వీధి చివర పాత స్నేహితులతో కబుర్లు చెబుతూ ఉంటాడనుకుంది. అన్నాళ్ళూ ఆ ఇంటికి ఆదివారాలే వెళ్ళింది గానీ డయాలసిస్ రోజున ఒక్కసారీ తొంగి చూడలేదన్న సంగతి ఆమెకు తట్టనైనా తట్టలేదు.

తలుపు తీసిన అత్తయ్య ముఖంలో కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు. ఈ వేళప్పుడు వచ్చావేంటే అంది, తప్పు చేస్తూ దొరికిపోయిన మనిషిలా. లోపల మామయ్య వంటగది గట్టు పక్కన ఉత్త నేల మీద పడున్నాడు. చల్లగా ఉంటుందని అక్కడ పడుకుంటాడట. పక్కన వాంతి చేసుకోవడానికి ప్లాస్టిక్ బకెట్టు. పిక్కలు పట్టేసి కాళ్ళు కొయ్యబారిపోయాయి. అత్తయ్య మళ్ళీ వెళ్ళి ఆ కాళ్ళ దగ్గర కూలబడి, మోకాలితో అదిమిపెట్టి, బలమంతా పెట్టి మర్దనా చేస్తోంది. ఆయన కళ్ళు తెరిచి మేనకోడలిని చూసి, లేచి కూర్చోవాలని ప్రయత్నించి, చేతకాక మళ్ళీ పడుకుండిపోయాడు.

ఎప్పటినుంచి ఇలా అని అడిగితే అత్తయ్య ఇక దాచలేదు. టైము తగ్గించినప్పటినుంచీ ఇదే వరస, రేపు పొద్దున దాకా మనిషి మనిషిలో ఉండడు అంది. ఒక్క ఈయనే కాదు, ఆ టైలరమ్మను కూతురు రెక్క పట్టుకుని బాత్రూముకు తీసుకెళ్ళాలి. కుట్టు మిషను అమ్మేసి చాన్నాళ్ళయింది. అందరినీ పోగేసి అరగంట అని చెప్పమన్నది ఈయనే. మా పిల్ల పెద్ద పరీక్ష రాస్తోంది, అది మన నోటి మీదే నిలబడి ఉంది, ఎవరూ చెడగొట్టకండి అని బతిమాలాడట.

ఆమెకు తల కొట్టేసినట్టయింది.

"అబద్ధం ఎందుకు చెప్పావు మామయ్యా? నేను నిజమే కదా అడిగింది?"

మామయ్య కళ్ళు మూసుకునే జవాబిచ్చాడు. "మొదట్లో ఓ రోజు నిజమే చెప్పానమ్మా. సాయంత్రం దాకా లేవలేకపోయానన్నాను. నీ పెన్ను ఆగిపోయింది. సరిగ్గా ఆలోచించి చెప్పు మామయ్యా అన్నావు. అరగంట అన్నాను. నీ ముఖం వెలిగిపోయింది. ఎన్నాళ్ళకో అలా చూశాను నిన్ను."

అత్తయ్య కాళ్ళు పిసుకుతూనే ఉంది. ఆమె అక్కడే గోడకు చేరబడి కూలబడింది. ఆ రోజు ఆమెకు గుర్తుంది. అదొక్కటే కాదు, మిగతావీ గుర్తొచ్చాయి. అరగంట అన్నవాళ్ళను ఎవరినీ మళ్ళీ అడగలేదు. ఎక్కువసేపు చెప్పినవాళ్ళనే, బాగా గుర్తు చేసుకోండి, ఆ రోజు వేరే నలత ఏమైనా ఉందేమో అని తిరగేసి మరగేసి అడిగింది. వాళ్ళు మొహమాటపడి తగ్గించేవాళ్ళు. తను రాసుకునేది. మామయ్య వాళ్ళకు కొత్తగా ఏమీ నేర్పలేదు, తను నేర్పిందే ఇంకొంచెం గట్టిగా చెప్పాడు. చెప్పడానికి తెచ్చిన కబురు గొంతులోనే ఉండిపోయింది. ఆ మనిషికి ఈ బాధ కలకాలం ఉండేలా తన చేత్తోనే రాసిచ్చి, తీపి కబురులా మోసుకొచ్చింది. ఆమెకు తనమీద తనకే రోత పుట్టింది.

మర్నాడు పెద్ద డాక్టరు గదిలో నిలబడి, నేల చూపులు చూస్తూ జరిగిందంతా చెప్పింది. ఆయన కేకలేస్తే బాగుండుననుకుంది. ఆయన కేకలేయలేదు. కళ్ళజోడు తుడుచుకుని, దానికింత రాద్ధాంతం ఎందుకు, మీ మామయ్య జవాబు ఒక్కటీ తీసేయ్, మిగతావి ఉంచెయ్ అన్నాడు. కొత్త బ్యాచి కోసం అంతమంది కాచుకుని ఉన్నారు, ఇప్పుడు వెనక్కి తీసుకుంటే నీ పేరూ పోతుంది, వాళ్ళ ఆశా పోతుంది అని కూడా అన్నాడు. ఒక్క క్షణం, నిజంగా ఒక్క క్షణమే, ఆ దారి ఎంత తేలికో ఆమెకు కనబడింది. అలా కనబడినందుకు చెవులు కాలిపోయాయి.

"మిగతావాళ్ళనీ నేనే అడిగాను సార్," అంది.

ఆయన కళ్ళజోడు తిరిగి పెట్టుకున్నాడు. సరే, కమిటీని కొన్నాళ్ళు ఆపుతాను, ఈసారైనా వేరే మనిషిని పెట్టు అన్నాడు. పెట్టడం పెద్ద పని కాదు. కానీ ఆ వచ్చే మనిషికి కూడా వాళ్ళు అరగంటే చెబుతారు, డాక్టరమ్మ పరువు కాపాడాలిగా. ముందు తనే వెళ్ళి, వాళ్ళు కలిసి అనుకున్న ఆ కట్టు విప్పాలి. వాళ్ళందరికీ ముఖం చూపించాలి.

ఉదయం బ్యాచి వచ్చిన రోజు వార్డు మధ్యలో నిలబడింది. ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది. ఇది నా పరీక్ష కాదు, మీ అరగంట అని చెప్పింది. మీరు చెప్పిన జవాబులతోనే మీ టైము శాశ్వతంగా కోసేయబోతున్నారు, ఆ సంగతి మీకు ముందే విడమరిచి చెప్పవలసింది, చెప్పలేదు అంది. ఎక్కువసేపు చెప్పినవాళ్ళను తను ఎలా వెనక్కి లాగిందో కూడా చెప్పింది. ఎవరూ తిట్టలేదు. ఆమె తలెత్తి చూస్తే ఆ ముఖాల్లో కోపానికి బదులు జాలి ఉంది, దాంతో ఆమె ఇంకా చితికిపోయింది.

"మేమే మీకు సాయం చేస్తున్నామనుకున్నాం," అంది టైలరమ్మ మెల్లగా. "మమ్మల్ని అడిగేవాళ్ళు మీరొక్కరేగా. మళ్ళీ రాకపోతారేమోనని భయం."

ఆమె వెళ్ళి టైలరమ్మ ఎదురుగా స్టూలు మీద కూర్చుంది. వచ్చేసారి నుంచి వేరే మనిషి వచ్చి అడుగుతుందని, ఈ ఒక్కసారీ తనకు చెప్పమని, తను ఏదీ రాసుకోనని అంది. ఇంటికి వెళ్ళాక ఏమవుతుందమ్మా అని అడిగింది.

టైలరమ్మ నోరు తెరిచి, ఆమె ముఖం చూసి, తడబడి, మామయ్య వైపు తిరిగింది. ఒక్కొక్కరే అందరూ ఆయన వైపే చూశారు. ఆ అరగంట మాట ఆయన బతిమాలి చెప్పించిందే కాబట్టి ఆయన సెలవిస్తే తప్ప ఎవరికీ నోరు రావడం లేదు. మామయ్య గొట్టాలు తగిలించిన చేతిని కదపకుండా, రెండో చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు.

"చెప్పండమ్మా," అన్నాడు. "మా పిల్ల ఏడుస్తుంది. ఏడవనివ్వండి."

టైలరమ్మ చెప్పడం మొదలుపెట్టింది.