వంటింటి గోడ మీద బిరాగో

సీసా తప్పు చేతుల మీదుగా వెళ్లింది. ఆ తప్పు జిఫాది.

జిఫా పొద్దున లా కాలేజీకి వెళ్తుంది. మధ్యాహ్నం నుంచి కుమాసీ పట్నంలో లాయరు కొనాడు మేడమ్ దగ్గర అసిస్టెంటు, విడాకుల కాగితాలు రాస్తుంది. బట్టల కొట్టు బిరాగో మొగుణ్ణి వదిలేస్తానని వచ్చినప్పుడు మేడమ్ ఆ పని జిఫాకే అప్పజెప్పింది. పెళ్లినాడు మొగుడివాళ్లు ఇచ్చిన మందుసీసాకి బదులు సీసా ఆడపిల్లవాళ్లు తిరిగిచ్చేస్తే పెళ్లి తెగినట్టు. అప్పుడు ఆమె నీడ మొగుడిల్లు వదిలి ఆమె కాళ్ల దగ్గరికి వస్తుంది. అందాకా నీడ అక్కడే. నీడ లేని మనిషి ఒకచోట కుదురుగా ఉండలేదు. బిరాగో నిలబడి తినేది, నడుస్తూ బేరమాడేది.

జిఫాది వోల్టా వైపు. అక్కడ ఏ మాటయినా తండ్రి ఇంటి నుంచే వెళ్తుంది. అందుకని సీసా బిరాగో తండ్రికిచ్చి పంపింది.

"సీసా ఇచ్చారు కదా, నా నీడేది లాయరమ్మా?" ఆఫీసులో ఈ గోడ నుంచి ఆ గోడకి తిరుగుతూ అడిగింది బిరాగో.

"అషాంతి తెగ పిల్ల ఎవరి వంశం?" అని జిఫాని అడిగింది మేడమ్.

"తల్లిది, మేడమ్."

"అంటే సీసా ఎవరు పట్టుకెళ్లాలి?"

"మేనమామ."

"ఇది పరీక్షలో రాశావా?"

"రాశాను. మంచి మార్కులే వచ్చాయి."

"సంతోషం," అంది మేడమ్, ఇంకో ఫైలు తీసుకుంటూ.

మేనమామ అదుసెయ్ కోకో తోటలో ఉంటే జిఫా అక్కడికే వెళ్లింది. తనని కాదని సీసా వెళ్లిందన్న కోపం అతనికి ఇంకా చల్లారలేదు.

"దాని మొగుడు అంపోన్సాకి ఏం తక్కువ? నా కోకో అంతా వాడి లారీలోనే పోతుంది. కొట్టాడా?"

"లేదు పెద్దయ్యా. పడట్లేదంది, అంతే." కాగితంలో జిఫా రాసింది కూడా అదే.

"పడకపోతే పడేట్టు చెయ్యాలి. పద, వాడితో నేనే మాట్లాడి పిల్లని పంపిస్తా."

జిఫా కొత్త సీసా సంచిలో వేసుకుని అతని వెంట వెళ్లింది.

అంపోన్సా ఎదురొచ్చి ముక్కాలిపీటలు వేశాడు. ఎదురుగా వంటింటి గోడ మీద బిరాగో నీడ కూర్చుని ఉంది.

"అలిగి వెళ్లింది మామా. పోన్లే, నీడన్నా ఉంది, ఇల్లు బోసిపోలేదు," అని నవ్వి, నీళ్లు తేవడానికి గోడ పక్కగా వెళ్లాడు.

నీడ రెండు చేతులూ ఎత్తి తల కప్పుకుంది.

అతను దాటిపోయాక దించింది. నీళ్లతో తిరిగొస్తుంటే మళ్లీ కప్పుకుంది.

అదుసెయ్ నీళ్లు తాగాడు. "ఇంకో గ్లాసు తే అల్లుడూ," అన్నాడు. ఈసారి నీడ మోకాళ్లలోకి ముడుచుకుపోయింది. రెండో గ్లాసు అతను ముట్టలేదు.

"ఆ సీసా ఇటియ్యి పిల్లా."

తీసుకుని అంపోన్సా కాళ్ల ముందు పెట్టాడు.

"మరి కోకో సంగతేంటి మామా?"

"నెత్తిన మోసుకుంటా."

నీడ గోడ దిగి, వాకిలి దాటి, వాళ్లతోపాటే మినీబస్సు ఎక్కింది. ఆఫీసుకొచ్చేసరికి బిరాగో ఇంకా తిరుగుతూనే ఉంది. నీడ కాళ్లకి తగలగానే కుర్చీలో కూలబడి, తినడానికేమన్నా ఉందా అంది.

జిఫా తను తెచ్చుకున్న కెంకీ, మొక్కజొన్న ముద్దల పొట్లం, ఆమె ముందు పెట్టింది.

"కొడతాడని నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు పెళ్లి తేదీ అడిగావు, పిల్లలెంతమందని అడిగావు," అంది బిరాగో నములుతూ. "ఇంకేం అడిగావు?"

మొగుడింటికి స్వయంగా వెళ్లి గోడ చూడకుండా ఎవరి కాగితమూ రాయకూడదని జిఫా ఆ రోజే అనుకుంది. మరుసటి నెల ఆస్తి చట్టం పరీక్షనాడే ఒకామె ఏడుస్తూ వచ్చింది. ఆమె నీడ వేరే ఊళ్లో మొగుడింట్లో ఉంది. జిఫా బస్సెక్కి ఆ ఊరు వెళ్లింది. పరీక్ష మరుసటేడు రాసింది.