బెత్తెడు దూరం

మధ్యాహ్నం అన్నం తిని, తాంబూలం నమిలి, జమీలా దాదీ మాయమయ్యేది. నరసరావుపేటలో ఆ వీధికంతా తెలిసిన సంగతే. కంటికి కనపడదు, చేతికి తగలదు. చెవుడు గనక కేకేసినా పలకదు. చెవి దగ్గర నోరుపెట్టి పిలిస్తే మాత్రం వచ్చేసేది. ఆ చెవి ఎక్కడుందో ఆమె భర్త, దాదా ఒక్కరికే తెలిసేది. ఆయన పోయాక, పొద్దుగూకేవేళకు ఆమే రావాలి, ఇంట్లోవాళ్లు కాచుక్కూర్చోవాలి.

మనవరాలు అబిదా పాలిటెక్నిక్ ఆఖరి ఏడు. ప్రాజెక్టుకని ఒక పెట్టె చేసింది. లోపల రాగితీగ చుట్ట, పైన మీటరు ముల్లు. దానికి జోడీగా చిన్న బిళ్ల, దానిమీదా ఓ తీగచుట్ట, ఓ కెపాసిటరు. బిళ్ల జానెడు దగ్గరకొస్తే చాలు, ముల్లు కిందికి పడిపోతుంది. బిళ్లకు బ్యాటరీ కూడా అక్కర్లేదు.

"జానెడు దూరమేనా? దీంతో ఏం చేసుకుంటామమ్మా?" అన్నారు రాజారత్నం మాస్టారు.

"మా దాదీకి కడతా సార్."

"అయితే సరే," అన్నారాయన.

తండ్రి ముర్తుజాకు లేతు షాపు. తన తల్లి మెళ్లో వేసేదాన్ని ఉత్త దారానికి కట్టడానికి ఆయనకు మనసొప్పలేదు. దర్గా తాయెత్తుకు చేసినట్టే రాగి డబ్బీ చేసి, బిళ్ల అందులోపెట్టి, లక్కతో మూతేసి కట్టాడు. ఎంత ముద్దుగా ఉందో అని అబిదా కూడా మురిసిపోయింది.

మే నెలలో దాదీకి వడదెబ్బ తగిలింది. గంటగంటకూ నీళ్లు పట్టకపోతే మనిషి దక్కదని చెప్పి వెళ్లాడు డాక్టరు. ముర్తుజా రాగి చెంబుతో నీళ్లు తెచ్చేసరికి మంచం ఖాళీ.

అబిదా పెట్టె పట్టుకుని ఇల్లంతా గాలించింది. ముల్లు కదిలితేనా!

"ఏందే, పనిచేయట్లా?" చెంబు పట్టుకుని వెనకే తిరుగుతూ అడిగాడు ముర్తుజా.

అప్పుడు తట్టింది పిల్లకు. "డబ్బీ, అబ్బాజాన్! రాగిలో మూసేస్తే బిళ్ల ఎట్టా పలుకుద్ది? నా బుద్ధి ఏమైపోయింది!"

"నా చేత్తో నేనే మూతేశానే," అన్నాడాయన.

అబిదాకు ఏడుపు తన్నుకొచ్చింది గానీ ఏడ్చే తీరికేదీ? తండ్రి చేతిలో ఉన్న రాగి చెంబునే పెట్టెకు దగ్గరగా జరిపింది. బెత్తెడు దూరానికి రాగానే ముల్లు కొద్దిగా పైకి వణికింది. రాగికి అంతే పలుకుతుంది. దాదీ మెళ్లో డబ్బీ కూడా రాగిదే. అది చాలు.

మోకాళ్లమీద పాకింది. మంచం కింద, గాదె పక్కన, గోడల వెంబడి, పెట్టెను నేలకు ఆనించినంత పని చేస్తూ వెతికింది. పెరట్లో దాదా కూర్చునే నాపరాతి అరుగు దగ్గర ముల్లు వణికింది. ఆ వేడిరాతి మీదకు వంగి, తన ఊపిరి తనకే తగిలేటంత దగ్గరగా, "దాదీ," అని పిలిచింది.

ముందు తెల్లజుట్టు కనపడింది. తర్వాత ఎండిన పెదాలు. ముర్తుజా నీళ్లు పట్టాడు. రెండు గుక్కలు తాగి దాదీ కళ్లు తెరిచింది.

"ఇంత దగ్గరకొచ్చి పిలిచి చానా కాలమైందే," అంది.

ఆ రోజు నుంచీ దాదీ మాయం కాలేదు. అయినా అబిదా రోజూ మధ్యాహ్నం ఆమె చెవిలో ఒకసారి పిలిచేది.

"ఉన్నాలేవే," అనేది దాదీ.