వంకాయ మడికి దమ్ము

మా మీదింట్ల కిరాయికుండే పట్టాభి సారుది భీమవరం. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ల లెక్కలు చెప్తడు. సకల జనుల సమ్మెల సెంటర్ బందైంది. మనిషి ఊకె కూసుండలేక, మా ఎల్బీనగర్ ఇంటెనుక జాగల వంకాయలు పండిస్తనని బయలెల్లిండు.

అదంతా నల్లరేగడి. తడిస్తే చెప్పులు గుంజుకుంటది, ఎండితే గడ్డపార ఎగిరి పడ్తది. సారు ఏం జేసిండు? మడినిండ నీళ్లు పెట్టి, లుంగీ ఎగ్గట్టి, వరినాటుకు తొక్కినట్టు బురద తొక్కిండు.

"వంకాయకు గూడ దమ్మేనా సారూ?" అన్న.

"మా వైపు దమ్ము చెయ్యకుండా నారు పెట్టరండి. మట్టి ఎక్కడైనా మట్టేనండి" అని నాకే పాఠం చెప్పిండు. అబ్బో, గంత సదువు! నాలుగెండలు కొట్టంగనే మడి సిమెంటు రోడ్డయింది. నారు నిలుసున్నకాడనే మాడింది. మా ఆయన కోదండం మంచిగ చదునుందని దానిమీద స్కూటర్ నిలవెట్టిండు.

నేను కడుపుబ్బ నవ్విన. సారు పెండ్లాం సీతామహాలక్ష్మి నవ్వలే.

"మా అన్నయ్య లారీ పంపిస్తానంటున్నాడు పిన్నిగారూ. ఈయనకి ఇక్కడేదీ అచ్చిరావట్లేదు, ఆఖరికి వంకాయ మొక్కతో సహా" అన్నది.

పొద్దుగాల చౌరస్తల జై తెలంగాణ అని గొంతు పోయేటట్టు ఒర్రుత, మాపటికి ఆమె పోసిన అల్లం చాయ్ తాగి బాగు చేసుకుంట. ఆమె పోతే నాకెవరున్నరు? ఆ మాట నోట్ల నుంచి ఎల్తెనా? "మంచిదే, పోండ్రి. మా నీళ్లు మాకు మిగుల్తయి" అన్న. పాడు నోరు.

సద్దుల బతుకమ్మ నాడు గునుగు, తంగేడు పేర్చంగ, కత్తిరించిన కాడలు, ఆకులు వాకిట్ల కుప్ప పడ్డయి. సారు బుట్ట పట్టుకొని దిగిండు.

"ఈ చెత్త ఇస్తారా అండి? మల్చింగ్ చేస్తాను. ఈసారి తవ్వను, తొక్కను. మందంగా కప్పేస్తే తేమ నిలుస్తుంది, అది కుళ్లేకొద్దీ వానపాములొచ్చి మట్టిని గుల్ల చేస్తాయి."

క్లాసులు బందైతేంది, మా ఇంటెనుకనే క్లాసు మొదలువెట్టిండు.

"ఓహో! మా బతుకమ్మ మీ ఆంధ్రా వంకాయలకు ఎరువా?"

"బతుకమ్మ మీదేనండి. కాడలే నాకు."

గల్లీలున్న ఇండ్లన్ని తిరిగి కాడలు మోసుకొచ్చిన. చౌరస్తల నాతోని ఒర్రేటోళ్లు ఏందక్కా గిదని అడిగితే, "ఆంధ్రాయన చెత్త ఏరుకుంటుండు, ఏరుకోనియ్యి" అన్న.

మడిమీద జానెడు మందం పరుస్తుంటే సీత అన్న ఫోన్ చేసిండు, లారీ మాట్లాడిన, ఎప్పుడు పంపాలె అని. సారు చేతులకు మట్టుండె. సీత ఫోన్ ఆయన చెవికాడ పట్టింది. నా చేతులల్ల కాడలు అట్లనే ఉన్నయి.

"లేదు బావా, లారీ వద్దు. ఇప్పుడే కప్పాం కదా. ఈ మట్టి మెత్తబడాలంటే రెండేళ్లు పడుతుంది."

నాకు ఏడుపు ఆగలే. కొంగుతోని మొహం తుడుసుకొని సారు మీద ఎగిరిన.

"ఏం లెక్కల సారువయ్యా నువ్వు! గిది మా రేగడి. ఐదేండ్లన్న పడ్తది!"