ఎర్ర పీపాకు ఎడమవైపు

ఆ ఊరి మున్సిపాలిటీలో రోడ్ల సంగతి హాల్లో తేలుస్తారు, చెరువు సంగతి చెరువులోనే తేలుస్తారు. పూర్వం దానికీ హాల్లోనే చేతులెత్తేవారట. ఎవరో రెండు చేతులూ ఎత్తారని గొడవై, కుర్చీలు విరిగి, చివరికి ఈ పద్ధతి పెట్టుకున్నారు. సభ్యులు తలో తొక్కుడు పడవ ఎక్కాలి. సెక్రటరీ ఒడ్డున నిలబడి ఈల ఊదేసరికి, ఔనన్నవాళ్లు నీళ్లలో తేలే ఎర్ర పీపాకు ఎడమవైపు ఉండాలి, కాదన్నవాళ్లు కుడివైపు.

ఆ రోజు తేలాల్సింది వదిన తీర్మానం. ఆమె ఒక వార్డు సభ్యురాలు. చెరువు కమిటీ అధ్యక్షుడు ఆమెకు సొంత మరిది. అతని నోట విని విని ఆఫీసంతా ఆమెను వదినే అంటుంది. పొద్దున్నే ఓ గంటసేపు చెరువులో ఇంజను పడవలు తిరగకూడదు, తొక్కుడు పడవలే తిరగాలి. ఆమె అడిగింది అంతే. ఆ అంతే అన్నదానికే మరిదికి ఒళ్లు మండింది. సభ్యుడు కాకముందు అతను ఇంజను పడవ నడిపి బతికినవాడు. ఆ చప్పుడు చెవిన పడనిదే కాఫీ కూడా గొంతు దిగదని ఇంట్లో అతన్ని ఏడిపిస్తారు.

అసలు సంగతి అతనికి తెలీదు. వదినకు అత్తగారు, అంటే అతని కన్నతల్లి, మోకాళ్ల నొప్పులకు మంచిదని కోడలి వెంట వెళ్లి తొక్కుడు పడవ నేర్చుకుంది. బాగా వచ్చాక కొడుకు ముందు దర్జాగా తొక్కి చూపించాలని ఆవిడ ముచ్చట. ఒకనాటి పొద్దున కమిటీవాళ్ల తనిఖీ ఇంజను పడవ పక్కనుంచి దూసుకుపోయింది. ఆ అలకు ఆవిడ పడవ ఊగిన ఊపుకి గుండె జారిపోయి, ఒడ్డుకొచ్చి, ఇక నా వల్ల కాదని ఇంట్లో కూర్చుంది. ఆ పడవ నడిపింది కొడుకే. వెనక్కి చూసే అలవాటు అతనికి లేదు. వాడికి చెప్పకు, బాధపడతాడని కోడలి చేత ఒట్టు వేయించుకుంది ఆవిడ. అత్తగారిని మళ్లీ పడవెక్కించాలంటే ఆ గంట కావాలి. వదిన ఆరాటమంతా అదే.

ఓటు చూడ్డానికి ఒడ్డునిండా జనం చేరారు. పడవలన్నీ ఎటువైపువి అటు సర్దుకున్నాయి. చూస్తే రెండు పక్కలా సరిసమానం. మరిది ఒక్కడే మిగిలాడు. ఇది పడవా కుట్టుమిషనా అని గొణుక్కుంటూ, మోకాళ్లు గడ్డానికి తగిలేలా తొక్కుకుంటూ పీపా దాకా వచ్చాడు.

ఇంజను పడవలో చుక్కాని కర్ర ఎడమకు నెడితే పడవ కుడికి పోతుంది. తొక్కుడు పడవలో అలా కాదు, పిడి ఎటు తిప్పితే అటే పోతుంది. అతని చేతికి పాత అలవాటు పోలేదు. కుడికి పోదామని పిడిని ఎడమకు నెట్టాడు. పడవ ఎడమకే తిరిగింది. ఇదేమిటని ఇంకాస్త గట్టిగా నెట్టాడు. అది ఇంకాస్త సంబరంగా ఎడమకు పోయి వదిన పడవను ముద్దుపెట్టుకున్నట్టు తాకింది. సెక్రటరీ ఈల ఊదాడు.

ఒడ్డు ఒడ్డంతా పగలబడి నవ్వింది. తీర్మానం నెగ్గిందని సెక్రటరీ చాటాడు. వదిన మాత్రం మరిది మొహం చూసింది. తను కాపరానికొచ్చిన కొత్తలో పరీక్ష తప్పి గుమ్మంలో నిలబడ్డాడే, అదే మొహం.

"సెక్రటరీగారూ, మళ్లీ ఊదండి," అంది. "పిడి తిప్పడం రాక పడిన ఓటు నాకొద్దు."

ఈ వయసులో నా ఊపిరితో ఆటలేమిటమ్మా అని సెక్రటరీ విసుక్కున్నాడు గానీ, సరేనన్నాడు.

"ఈసారి ఓడిపోతావు వదినా," అన్నాడు మరిది.

"ఓడితే ఓడతాను. రేపు వంటింట్లో మళ్లీ నీ మొహమే కదా చూడాలి."

అతను పీపా కుడివైపుకు బయల్దేరి, ఉన్నచోటే గిరగిరా తిరగడం మొదలుపెట్టాడు. ఇంజన్లన్నీ ఆపేసి ఉన్నాయేమో, నీళ్ల మీదుగా ఒడ్డునుంచి ఓ గొంతు స్పష్టంగా వచ్చింది.

"ఒరేయ్ చిన్నోడా, ఎటు పోవాలో అటే తిప్పరా పిడి. కాళ్లు ఆపకు."

తల్లి. కోడలి ఓటు చూద్దామని వచ్చి జనంలో నిలబడింది. మరిది కాళ్లు ఆగిపోయాయి. అమ్మకు ఇవన్నీ ఎలా తెలుసని వదిన్ని అడిగాడు. నాకు ఒట్టుంది, ఆవిణ్నే అడగమంది వదిన.

"నీకెలా తెలుసమ్మా?" అని అరిచాడు.

"నీ అలకు జడిసి మానేసేదాకా రోజూ తొక్కాను కదరా," అంది ఆవిడ, ఆ ధోరణిలోనే. అని నాలుక కరుచుకుంది.

అతను తల్లి చెప్పినట్టే, కాళ్లు ఆపకుండా, పిడిని జాగ్రత్తగా ఎడమకు తిప్పాడు. పడవ చెప్పిన మాట విని నెమ్మదిగా వదిన పక్కకు చేరింది.

"ఈసారి తిప్పడం తెలిసే వచ్చాను, సెక్రటరీని రాసుకోమను," అన్నాడు. అతని కళ్లు తడిగా ఉన్నాయి, నోరు మాత్రం నవ్వుతోంది. సెక్రటరీ ఊదిన ఈల చెరువు అవతలి గట్టు దాకా మోగింది.

మర్నాడు పొద్దున చెరువు మీద ఇంజను చప్పుడన్నదే లేదు. కాఫీ శుభ్రంగా తాగేసి వచ్చిన మరిది, తల్లి పక్కన పడవలో కూర్చుని పిడి మీద చెయ్యి వేశాడు. ఆవిడ ఆ చేతి మీద ఒక్కటిచ్చింది.

"ముందు తొక్కడం నేర్చుకో. తిప్పడం సంగతి తర్వాత చూద్దాం."

ఒడ్డున తాడు విప్పుతున్న వదిన నవ్వాపుకోలేక, తాడుతో పాటు కాలి చెప్పు కూడా నీళ్లలోకి వదిలేసింది.