మూడు గాట్ల చేప

సౌదీలోని ఖతీఫ్‌లో చేపల మార్కెట్టు వెనక సందులో అబూ హుసేన్ వేపుడు కొట్టు ఉండేది. ఆకలితో వచ్చినవాడు అక్కడ కడుపు నింపుకుని పోవడం మామూలే. ఆ ఏడాది మాత్రం కొందరు పన్ను ఊడగొట్టించుకుని కూడా పోయారు. దానికి విడిగా డబ్బులేమీ తీసుకోలేదు.

అంతకుముందు ఆ సందు నిండా ఇలాంటి కొట్లే. నితాకత్ అని చెప్పి సర్కారు కంపెనీలకూ కొట్లకూ రంగులు పూసింది. సౌదీ మనుషులు సరిపడా ఉంటే ఆకుపచ్చ, లేకపోతే ఎరుపు. ఎరుపు పడ్డవాడికి కొత్త వీసా రాదు, పాతవాడి ఇకామా, అంటే అక్కడ ఉండే పర్మిట్టు, రెన్యువల్ కాదు. ఆ వెనకే లెవీ వచ్చింది. పరాయి దేశపు పనివాడు ఒక్కొక్కడి తలకూ పన్ను. తలలు లెక్కపెట్టుకునేసరికి తలనొప్పి పట్టి యజమానులు వరసగా షట్టర్లు దించేశారు. మిగిలింది అబూ హుసేన్ కొట్టొక్కటే. సందు జనమంతా దాని మీదే పడ్డారు. వాళ్ళలో సగం మందికి దేశం వదిలి పొమ్మని ఎగ్జిట్ పడింది, మిగతా సగానికి ఎప్పుడు పడుతుందోనని భయం. సర్కారును తన్నలేరు, కంపెనీని తన్నలేరు. చేపలో ముల్లు తగిలితే మాత్రం వేయించినవాడు ఎదురుగానే ఉంటాడు కదా.

వేయించేవాడు లింబాద్రి. ఆర్మూరు పక్క మనిషి. తలుపంత ఛాతీ, రోకలి బండల్లాంటి చేతులు. చిన్నప్పుడు కబడ్డీలో ఇతను పట్టుకుంటే అవతలివాడు ఆట మానేసి వ్యవసాయం చేసుకునేవాడట. అలాంటి మనిషికి ఆ శుక్రవారం ఒకే ఒక్క పని. ఎవరి మీదా చెయ్యి లేపకుండా పొద్దు గూకించడం.

ఎందుకంటే అతని ఖురూజ్, అంటే ఫైనల్ ఎగ్జిట్, పాస్‌పోర్టు మీద పడిపోయింది. ఇద్దరికి లెవీ కట్టడం నా వల్ల కాదని అబూ హుసేన్ ఇతన్ని పంపేస్తున్నాడు. మర్నాడే దమ్మామ్‌లో విమానం. మధ్యలో పోలీసు కేసు తగిలిందా, ఎగ్జిట్ ఆగిపోతుంది, మనిషి లోపలికి పోతాడు, ఎప్పుడు బయటికొస్తాడో ఆ పోలీసులకే తెలియదు. ఇంటి దగ్గర పెళ్ళాం ముత్యవ్వ ఫోన్లో ఒకటే మాట చెప్పింది: "గీపారి రాకుంటే నీ ఫోటోకు దండేసి కూసుంట. బతికున్నవని ఎవలన్న జెప్పినా నమ్మ."

అందుకని లింబాద్రి ఆ రోజు చేతులు రెండూ ముంజేతుల దాకా శనగపిండిలో పెట్టుకుని నిలబడ్డాడు.

కౌంటర్‌లో ఉన్న మస్తాన్ వలీకి నవ్వాగలేదు. రాయచోటి మనిషి, లింబాద్రి కంటే పెద్దవాడు, అరబ్బీ గడగడా మాట్లాడతాడు. కొట్లో ఉండిపోయేది అతనే.

"ఏమిరా లింబా, చేప ముంచమంటే నువ్వే మునిగినావు? నిన్నే నూనెలో ఏసేదా?"

"నా చేతుల మీద నాకే నమ్మకం లేదే అన్నా. గందుకే పిండిల వెట్టిన."

"అట్లనే ఉండు. ఎవడన్నా కొడితే కొట్టించుకో. మళ్ళ ఊర్లో ముత్యవ్వ కూడా కొడతాది. అలవాటైతాది."

జుమ్మా నమాజు అయ్యీ కాగానే జనం దిగారు. లైనులో ముందు నేనంటే ముందు నేనని ఇద్దరు వెల్డర్లు పట్టుకున్నారు. పాపం, ఒకే గదిలో పడుకునేవాళ్ళు. ఒకడు రెండోవాడి చెవి కొరికేశాడు. చెవి కింది ముక్క వేలాడుతుంటే వాడు దాన్ని చేత్తో పట్టుకుని, రెండో చేత్తో కొరికినవాడి ముక్కు పగలగొట్టాడు. ఐసు మీద పరిచిన చేపల మీద నెత్తురు పడింది. తర్వాత ఇద్దరూ ఒకే టాక్సీలో ఆసుపత్రికి పోయారు. మస్తాన్ వలీ ఐసు కడిగి, "మసాలా ఎక్కువైంది" అన్నాడు.

ఇంకొకడు బటాటా, అదే, ఆలుగడ్డ వేపుడు, చల్లారిపోయిందని పళ్ళెం విసిరాడు. చల్లారిందన్నాడు గానీ అది లింబాద్రి మెడకు తగిలిన చోట చర్మం ఎర్రగా పొంగింది. లింబాద్రి పళ్ళు బిగించి, "సారీ, సదీక్" అన్నాడు, దోస్తూ అని. ఆ మాటకు వాడికే దెబ్బ తగిలినట్టయింది. తిట్లు తినేవాడు ఎదురు తిట్టకపోతే ఎవరికి మాత్రం ఉత్సాహం ఉంటుంది?

అప్పుడొచ్చాడు అబూ షనబ్. అంటే మీసాలాయన. అసలు పేరు ఎవరికీ అక్కర్లేదు, ఏ దేశమో కూడా అక్కర్లేదు, ప్రతి దేశంలోనూ ఒకడుంటాడు. పరంజాలు కట్టే కంపెనీలో ఫోర్మన్. కంపెనీ ఎరుపులో పడింది. ఎవణ్ణి పంపాలో ఎవణ్ణి ఉంచాలో తేల్చమని పైవాళ్ళు ఇతని నెత్తిన పెట్టారు. తన పేరు కూడా ఆ పంపేవాళ్ళలో ఉందని ఆ పొద్దునే తెలిసింది. వెంట ఇద్దరు మనుషుల్ని వేసుకుని వచ్చి, ఐసు మీద ఉన్నవాటిలోకెల్లా పెద్ద హమూర్ చేపను ఎంచుకున్నాడు.

ఆ కొట్లో ఎవరి చేప ఎవరిదో తెలియడానికి లింబాద్రి ఒక పద్ధతి పెట్టుకున్నాడు. చీటీలు నూనెలో వెయ్యలేడు కదా. అందుకని చేప పక్కన కత్తితో గాట్లు పెడతాడు. మొదటివాడికి ఒకటి, రెండోవాడికి రెండు, మూడోవాడికి మూడు. మూకుడులోంచి తీసి గాట్లు చూసి పిలుస్తాడు. ఇన్నేళ్ళలో ఒక్క చేప దారి తప్పలేదు. ఆ రోజు మెడ మండుతోంది, కళ్ళల్లో నీళ్ళు. అబూ షనబ్‌ది మూడు గాట్ల చేప. అతని ముందువాడి రెండు గాట్ల చేప నూనెలో పగిలి మూడో గాటు తనే పెట్టుకుంది. అబూ షనబ్ గారి పెద్ద హమూర్‌ను పొట్లం కట్టించుకుని ఆ ముందువాడు, ఎవడో ట్రక్కు డ్రైవరు, ఖుషీగా వెళ్ళిపోయాడు. అబూ షనబ్ ముందుకు అరచేతంత షేరీ చేప వచ్చింది.

అతను దాన్ని తోక పట్టుకుని లేపాడు. అటూ ఇటూ చూశాడు.

"నా హమూర్ ఏది?"

మస్తాన్ వలీ అరబ్బీలో నచ్చజెప్పబోయాడు. పొరపాటైంది, ఇంకోటి వేయిస్తాం, దీనికి పైసలొద్దు. ఆ మాట పూర్తి కాకముందే అబూ షనబ్ తూకం పళ్ళేన్ని ఊడబెరికి అతని నెత్తి మీద కొట్టాడు. పళ్ళెం గంటలా మోగింది. మస్తాన్ వలీ కౌంటర్ వెనక కూలబడ్డాడు. నుదుటి మీంచి కారిన నెత్తురు కళ్ళు మూసేసింది.

లింబాద్రి చేతులు పిండిలోంచి బయటికొచ్చాయి.

వచ్చాయి గానీ పైకి లేవలేదు. "అన్నా!" అని అతను మస్తాన్ వలీని లేపడానికి వంగాడు. అంతే, వెంట వచ్చిన ఇద్దరూ వెనక నుంచి అతని రెక్కలు విరిచి పట్టుకున్నారు. అబూ షనబ్ ముందు అతని ఛాతీ మీద గుద్దాడు, తర్వాత పొట్టలో, తర్వాత మళ్ళీ ఛాతీ మీద. లింబాద్రి విదిలించుకుంటే ముగ్గురూ మూడు దిక్కులకు పడేవారే. "ఖురూజ్, ఖురూజ్" అని లోపల జపం చేసుకుంటూ తిన్నాడు. అబూ షనబ్‌కు అది ఇంకా ఒళ్ళు మండించింది. జుట్టు పట్టుకుని అతని తలను మరుగుతున్న మూకుడు మీదికి వంచాడు.

"చేప లేదు కదా! నీ మొహమే వేయించుకు తింటా!"

నూనె ఆవిరి కొట్టి లింబాద్రి కనుబొమలు మాడాయి. ఒక చుక్క చిట్లి పెదవి మీద పడింది. అప్పుడు కూడా అతని చేతులు లేవలేదు. వాటికి ఆ ఆలోచన వచ్చేలోపే వెనక ధన్ మని చప్పుడైంది.

జుట్టు పట్టు వదిలింది. అబూ షనబ్ ముందుకు తూలి, కౌంటర్ అంచుకు మూతి కొట్టుకుని, ముందు పన్ను అక్కడే వదిలేసి కింద పడ్డాడు. అతని వెనక మస్తాన్ వలీ, మొహమంతా నెత్తురు, చేతిలో ఇనుప జల్లిగరిటె. నూనెలోంచి తీసినది, ఇంకా పొగలు కక్కుతోంది. కొట్టిందెవరో కింద పడ్డవాడు చూడలేదు. రెక్కలు పట్టుకున్నవాళ్ళు చూశారేమో గానీ, ఫోర్మన్ పడగానే సందు చివరిదాకా పరుగు తీశారు. మస్తాన్ వలీ గరిటె వదిలేసి, కళ్ళు తేలేసి అక్కడే పడిపోయాడు. కాలే గరిటె అతని కాలి మీద పడింది. లింబాద్రి దాన్ని తీసి పట్టుకున్నాడు.

సరిగ్గా అప్పుడే పోలీసులు వచ్చారు.

"మీన్ దరబ్?" ఎవరు కొట్టారు?

లింబాద్రికి అరబ్బీ అంటే చేపల పేర్లు, అయిపోయిందనడానికి ఖలాస్, దోస్తూ అనడానికి సదీక్. అంతే. అయినా ఆ క్షణంలో అతని చెవికి ఏ భాషా ఎక్కడం లేదు. మస్తాన్ వలీ ఊపిరి తీస్తున్నాడో లేదో తెలియదు. గుద్దులు తిన్న ఛాతీని ఒక చేత్తో పట్టుకుని, రెండో చేతిలో గరిటెతో, "అన్నా! అన్నా! అన్నా!" అని ఏడ్చాడు.

అరబ్బీలో "అనా" అంటే "నేను".

ఇంత మర్యాదగా గుండె మీద చెయ్యేసుకుని, ఆయుధం చూపిస్తూ, మూడుసార్లు నేరం ఒప్పుకున్నవాణ్ణి ఆ పోలీసులు తమ సర్వీసులో చూసి ఉండరు. బేడీలు వేసి తీసుకుపోయారు.

స్టేషన్లో లింబాద్రిని ఒక మూల నిలబెట్టారు. ఎదురు బల్ల మీద అబూ షనబ్, తలకు కట్టు, మూతికి ఐసు ముక్క. తెలుగు తెలిసినవాడు కావాలని ఆఫీసర్ అంటే, నుదుటికి కుట్లు వేయించుకుని వచ్చిన మస్తాన్ వలీనే తెచ్చి కూర్చోబెట్టారు. వాళ్ళకు దొరికిన తర్జుమా మనిషి అతనే మరి.

"అన్నా, నువ్వు బతికున్నవా!" అన్నాడు లింబాద్రి.

మళ్ళీ ఒప్పుకున్నాడనుకుని ఆఫీసర్ తల ఊపాడు.

"ఒరే, ఆ మాట అనొద్దురా సామీ! నువ్వు అన్నా అంటాంటే వాళ్ళకు నేనే కొట్టినా అని ఇనబడతాండాది."

లింబాద్రి నోరు తెరిచాడు, మూశాడు. "మరి నిన్నేమని పిల్వాలె?"

"ఏమనీ పిలవొద్దు. నోర్మూసుకో."

"నేను కొట్టలే అని చెప్పు. ఎవలు కొట్టిండ్రో చూడలే అని చెప్పు. నీ పేరు మాత్రం తియ్యకు."

మస్తాన్ వలీ అతని మాడిన కనుబొమల్ని చూశాడు. "చూడలేదంటే ఇడుస్తారా? గరిటె నీ చేతిలో ఉండె. రేప్పొద్దున నీ ఇమానం."

"పోతే పోయింది తియ్యి. ముత్యవ్వ దండ కొనుక్కుంటది."

ఆఫీసర్ బల్ల చరిచాడు. ఏమంటున్నాడు వీడు?

మస్తాన్ వలీ లేచి నిలబడి తన గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. "అనా. అనా దరబ్త్." నేను. నేనే కొట్టాను.

ఆఫీసర్ సంతోషంగా రాసుకున్నాడు. తర్జుమా అంటే ఇలా ఉండాలి, అవతలివాడు ఎలా చెబితే అలా.

"లా, లా! అతను కాదు. అనా! మస్తాన్!"

"నువ్వు మస్తాన్‌వని నాకు తెలుసయ్యా. నేను కొట్టానని వాడంటున్నాడు. రాసుకున్నా. ఖలాస్."

మస్తాన్ వలీ మళ్ళీ చెప్పాడు. ఆఫీసర్ మళ్ళీ మెచ్చుకున్నాడు. ఎంత గట్టిగా ఒప్పుకుంటే అంత మంచి తర్జుమా అవుతోంది. లింబాద్రికి ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ, అన్న ఏదో ఘోరం చేయబోతున్నాడని అతని మొహం చూస్తే తెలిసింది.

"వద్దే!" అన్నాడు.

"శూఫ్," అన్నాడు మస్తాన్ వలీ ఆఫీసర్‌తో. చూడు.

నాలుగంగల్లో బల్ల దగ్గరికి పోయి, అబూ షనబ్ మూతి మీద పిడికిలితో గుద్దాడు. ఐసు ముక్క గోడకు తగిలి పగిలింది. ఇంకోటి గుద్దాడు. అబూ షనబ్ బల్లతో సహా వెనక్కి పడ్డాడు. అతని మీద మోకాలు పెట్టి, మూడోసారి పిడికిలి ఎత్తి, ఆఫీసర్ వైపు తిరిగి అడిగాడు: "ఇప్పుడు అర్థమైందా? అనా!"

అర్థమైంది. నలుగురు కలిసి అతన్ని నేలకేసి అదిమారు. కుట్లు తెగి గచ్చు మీద నెత్తురు పరుచుకుంది. లింబాద్రి చేతుల బేడీలే తీసి మస్తాన్ వలీకి వేశారు. వాటి కోసం అతను చేతులు వెనక్కి తనే పెట్టి ఇచ్చాడు. ఈడ్చుకుపోతుంటే తల తిప్పి, "లింబా! నా పెండ్లాం ఖాజాబీకి నేను కొట్టినానని చెప్పొద్దు. నా మొగుడు చీమను గూడా తొక్కడని ఊరంతా చెప్పుకుంటాది. ఆ మాట పోగొట్టొద్దురా," అన్నాడు.

లింబాద్రి సరేనని తల ఊపాడు.

మర్నాడు అబూ హుసేనే కారులో ఎయిర్‌పోర్టుకు తీసుకొచ్చాడు. మస్తాన్‌ను కొన్నాళ్ళు లోపల ఉంచి, తర్వాత దేశం దాటిస్తారని, మళ్ళీ రానివ్వరని సైగలతో చెప్పాడు. దించేటప్పుడు లింబాద్రి భుజం పట్టుకుని కాసేపు వదల్లేదు. లోపల పాస్‌పోర్టు కౌంటర్‌లో మనిషి అతని మొహం వైపైనా చూడకుండా ముద్ర గుద్దాడు.

విమానం గేటు దగ్గర లైను కడుతుంటే లింబాద్రి రాయచోటికి ఫోన్ చేశాడు.

"వదినా, నేను లింబాద్రిని. కొట్టుల కొట్లాటైంది, అన్నను పోలీసోళ్ళు పట్కపోయిండ్రు. పానం మంచిగనే ఉన్నది."

"యా అల్లా! ఆయప్పనా? ఆయప్ప ఏం జేసినాడు? ఎవురు కొట్టినారు, ఎవుర్ని కొట్టినారు?"

లింబాద్రి కాలిన పెదవి తడుపుకున్నాడు.

"నేను కొట్టిన వదినా. నేనే. వాళ్ళు తప్పువడి అన్నను వట్టుకున్నరు."

అటువైపు తిట్లు మొదలయ్యాయి.

"నీ చేతులు ఇరిగిపోను! నీ నోట్లో మన్ను పడ! మా ఆయప్ప చీమను తొక్కినోడు కాదు గదరా! నువ్వు కొట్టి, ఆయప్పను లోపలేపిచ్చి, నువ్వు ఇమానం ఎక్కుతాండావా? ఆ ఇమానం సముద్రంలో పడిపోను!"

"పడనీ వదినా."

"నీ పెండ్లాం నీకు బువ్వ పెట్టకుండా పోను!"

"పెట్టకపోనీ వదినా."

లైను కదిలింది. లింబాద్రి ఫోన్ చెవికి ఆనించుకునే ఒక్కో అడుగూ జరిగాడు. ఆమె తాతల దగ్గర మొదలుపెట్టి ఇంకా తండ్రి దాకా కూడా రాలేదు. తలుపు దగ్గర యూనిఫాం అమ్మాయి ఫోన్ ఆపమని హిందీలో చెప్పింది. లింబాద్రి అరచెయ్యి అడ్డం పెట్టి బతిమాలాడు.

"ఏక్ మినిట్, బెహన్‌జీ. మా వదినది ఇంకా అయిపోలే."