రోజూ మూసేసే పసుపురంగు పట్టీ

మా అక్క పళ్ల డాక్టరు. బావ ఆమె క్లినిక్‌కి మేనేజరు. అంటే కరెంటు పోతే జనరేటర్ వేసేదీ, కుర్చీ విరిగితే బాగుచేయించేదీ, అక్కకి కోపమొస్తే పడేదీ ఆయనే. నేను కంప్యూటర్లు బాగుచేస్తాను. బయటివాళ్లు పిలిస్తే కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, మెల్లగా సంగతి చెప్తారు. మా అక్క ఫోన్ చేసి "రా" అంటుంది, అంతే.

ఆ రోజు కూడా అలాగే రమ్మంది. కౌంటర్ దగ్గరి కంప్యూటర్లో ఎక్స్‌రే బొమ్మలు ఒక్కటీ తెరుచుకోవడం లేదు. ఫైళ్ల పేర్లన్నీ అర్థం పర్థం లేని అక్షరాలైపోయాయి. జరిగింది ఇది. కౌంటర్లో కూర్చునే అమ్మాయికి, మీ పార్సిల్ ఆగిపోయింది, ఇక్కడ నొక్కండి అంటూ ఒక మెయిల్ వచ్చింది. గ్లౌజులూ, సూదులూ కొరియర్లోనే వస్తాయి కాబట్టి నిజమే అనుకుని నొక్కింది. తెల్లటి పేజీ ఒకటి తెరుచుకుంది. కాసేపటికి ఫైళ్ల పేర్లు మారడం మొదలైంది. అమ్మాయి వెంటనే నెట్ వైరు పీకేసి, లోపలికి పరిగెత్తి, నోరు తెరుచుకుని పడుకున్న పేషెంటు ముందే అక్కకి ఉన్నదున్నట్టు చెప్పేసింది. అక్క ఆమెని రేపటినుంచి రావద్దంది. ఆ అమ్మాయి ఇల్లు గడిచేది ఆ జీతంతోనే.

నిజం చెప్పొద్దూ, నాకూ ఆ పిల్లమీద ఒళ్లు మండింది. పార్సిల్ అనగానే నొక్కేయడమేనా అనుకున్నాను. అదృష్టం బాగుండి ఎక్స్‌రేల కాపీ నేను పెట్టించిన వేరే డిస్కులో భద్రంగా ఉంది. ఆ మాట చెప్పినా అక్క మెత్తబడలేదు. రేపు మళ్లీ నొక్కదని నమ్మకమేమిటంది. 

కంప్యూటర్ని మొత్తం తుడిచేసి కొత్తగా నింపాలి. ఆ పని మొదలుపెట్టేముందు, ఆ దొంగ పేజీ ఎక్స్‌రేల దాకా ఎలా వచ్చిందో చూద్దామనిపించింది. ఎందుకంటే అంత సులువుగా రాకూడదు. బ్రౌజర్లో మనం తెరిచే ప్రతి పేజీ ముక్కూ మొహం తెలియని మనిషే. అందుకే బ్రౌజర్ ఆ పేజీలని విడివిడి ప్రాసెస్‌లలో, అంటే విడివిడి గదుల్లో, బయటనుంచి తాళం వేసి ఉంచుతుంది. లోపల ఎంత గంతులేసినా ఇంట్లో మిగతా సామాను జోలికి రాలేవు. ఆ తాళం పేరే శాండ్‌బాక్స్.

వైరు పీకి ఉండగానే బ్రౌజర్ తెరిచాను. పైన పసుపురంగు పట్టీ ఒకటి వచ్చింది. పాస్‌వర్డ్ చెప్పడానికి పక్కన నిలబడ్డ అమ్మాయి, ఈగని తోలినట్టు, నా చేతికిందనుంచి మౌస్ లాక్కుని దాన్ని మూసేసింది.

"అదేంటమ్మా?" అన్నాను.

"రోజూ వస్తుంది సార్. మూసేస్తే పోతుంది."

ఎవరు మూసేయమన్నారని అడిగితే ఒకసారి బావ వైపు చూసి తల దించుకుంది. అలవాటైపోయిందంది.

బ్రౌజర్ మూసి మళ్లీ తెరిచి ఈసారి పట్టీ చదివాను. శాండ్‌బాక్స్ తీసేసి నడుపుతున్నారు, భద్రత దెబ్బతింటుంది అని అందులో స్పష్టంగా ఉంది. చదివినా నమ్మలేక బ్రౌజర్ సొంత టాస్క్ మేనేజర్ తెరిచాను. ఏ ప్రాసెస్ ఏ పేజీదో వరసగా కనిపించింది. తర్వాత వాటి తాళాల సంగతి చెప్పే పేజీ తెరిచాను. మొదటి వరసలో బ్రౌజర్ అసలు ప్రాసెస్ ఉంది, శాండ్‌బాక్స్ లేదు అని. దానికి ఎప్పుడూ ఉండదు. తలుపులు తీసేదీ వేసేదీ అదే కదా, దాన్ని గదిలో పెడితే పని జరగదు. అంతవరకూ బాగానే ఉంది. కానీ కిందనున్న పేజీల వరసలన్నిటికీ అదే మాట ఉంది. ఒక్క గదికీ తాళం లేదు.

తెరమీది బ్రౌజర్ గుర్తుమీద కుడి బటన్ నొక్కి లోపల చూస్తే, చివర్లో 'నో శాండ్‌బాక్స్' అని చేర్చి ఉంది. అది దానంతటది వచ్చే మాట కాదు. ఎవరో కూర్చుని టైప్ చేయాలి. తలెత్తి చూశాను. మా బావ అక్వేరియం దగ్గర నిలబడి, జన్మలో చేపల్ని చూడనివాడిలా చూస్తున్నాడు.

కంప్రెసర్ గదిలోకి తీసుకెళ్లి అడిగాను. చెప్పాడు. కొత్త ఎక్స్‌రే మిషన్ పెట్టినప్పుడు దాని బొమ్మలు బ్రౌజర్లో తెరిస్తే చాలు, తెరిచిన పేజీలన్నీ మూసుకుపోయేవట. మిషన్ పెట్టినవాళ్లు ఫోనెత్తలేదు. హాలు నిండా జనం. పంటినొప్పితో ఉన్నవాళ్లు కదా, తలా ఒక మాట ఆ అమ్మాయిని అన్నారు. ఆమె మందుల గదిలోకెళ్లి ఏడ్చింది. చూడలేక ఈయన నెట్‌లో వెతికితే ఎవరో ఈ మాట చేర్చమన్నారు. చేర్చాడు, బొమ్మ తెరుచుకుంది. తీరిగ్గా తీసేద్దామనుకుని మరిచిపోయాడు.

"మరి పట్టీ?"

"మర్నాడే అడిగిందిరా. పట్టించుకోకు, మూసెయ్ అన్నాను. తర్వాత కూడా అడిగింది."

అప్పుడు నాకు బావమీద వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. సగం నామీదే వచ్చి ఉండాలి, పొద్దుట్నుంచీ ఆ పిల్లని మనసులో తిట్టుకున్నందుకు.

"నువ్వు చెప్తావా బావా, నన్ను చెప్పమంటావా?"

"మీ అక్క సంగతి నీకు తెలుసుగా."

"నీకంటే ముందునుంచీ తెలుసు."

ఆఖరి పేషెంటు వెళ్లేసరికి అమ్మాయి తన సామాను సర్దుకుంటోంది. నడుం నొప్పికి ఇంటినుంచి తెచ్చుకున్న చిన్న దిండు, టిఫిన్ డబ్బా, అరచేయంత అద్దం. అక్క లోపల చేతులు కడుక్కుంటోంది. బావ గుమ్మంలో నిలబడి మొత్తం చెప్పాడు. నన్ను సాయం పిలవకుండా తనే చెప్పాడు, అది ఒప్పుకోవాలి. తాళాలుంటే ఆ పేజీ దాని గదిలోనే అల్లరి చేసి పోయేదని మాత్రం నేను అన్నాను.

అక్క కుళాయి కట్టేసింది. అరవలేదు. అరిచినా బాగుండేది.

"ఆ పిల్ల నొక్కిన నిమిషంలోనే వచ్చి చెప్పింది. మీకెన్నాళ్లు పట్టిందండీ?"

 అక్క బయటికొచ్చి, సార్ మూసేయమన్నారని తనకెందుకు చెప్పలేదని అమ్మాయిని అడిగింది.

"నొక్కింది నేనే కదా మేడమ్. సార్ ఆ రోజు నాకోసమే చేశారు."

అక్కకి క్షమించమనడం రాదు. చిన్నప్పుడు నా బొమ్మ విరగ్గొట్టినా రాలేదు. అమ్మాయి సంచీలోంచి దిండు తీసి కుర్చీలో పెట్టింది. పొద్దున్నే పేషెంట్లున్నారు, వేళకి రమ్మంది. ఇక ఏం కనిపించినా సార్‌కి కాదు, తనకి చెప్పాలంది.

మర్నాటికి కంప్యూటర్ కొత్తగా నింపాను. ఎక్స్‌రే చూపించే ప్రోగ్రాం కొత్తది వేస్తే తాళాలతోనే చక్కగా తెరుచుకుంది. పేజీల వరసలన్నీ చూశాను, అన్నీ గదుల్లోనే ఉన్నాయి. అమ్మాయి వచ్చి కూర్చుని బ్రౌజర్ తెరిచింది. అలవాటుకొద్దీ మౌస్ పైమూలకి వెళ్లింది. అక్కడ మూయడానికి ఏమీ లేదు. చెయ్యి అలాగే ఆగిపోయింది.

వెనక నిలబడ్డ బావ అది చూశాడు.

"నువ్వు అడిగావమ్మా," అన్నాడు మెల్లగా. "నేనే వినలేదు."

ఆ అమ్మాయి తల తిప్పలేదు. పక్కకి జరిగిన దిండుని నడుం వెనక సర్దుకుని, మొదటి పేషెంటుని పేరు పెట్టి పిలిచింది.