సంజీవి దొరికిన మొహం

అయిదు వేళ్ళూ ముడుచుకున్నాయి. సుందరాచారి పిడికిలిని అటూ ఇటూ తిప్పి చూసుకుని, "లక్ష్మీ, కాఫీ తే!" అని భార్య ఆదిలక్ష్మిని కేకేశాడు. పోయినేడు ఇదే వేళకు ఆ వేళ్ళు గ్లాసు పట్టనిచ్చేవి కావు. కణుపులు రేగుపళ్ళలా ఉబ్బేవి. ఒంటితో పాటు మనసూ చతికిలబడింది. మంచం దిగబుద్ధి కాదు, ముద్ద మింగబుద్ధి కాదు. దిష్టని ఆదిలక్ష్మి ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచింది. ఊరేమో ఒళ్ళు బద్ధకమంది.

ఆ రోజుల్లోనే ఆచారి కోయిలకుంట్ల భాస్కరయ్య శెట్టికి ఆంజనేయుణ్ణి చెక్కాడు. శెట్టి విగ్రహం చుట్టూ తిరిగి, "ఏందప్పా ఆచారీ, సంజీవి కొండ దొరకనోని మాదిరుండాడే సామి!" అన్నాడు. శిల్పశాలంతా నవ్వింది, ఆచారి తప్ప. శెట్టి విగ్రహాన్ని వదిలేసి పోయాడు. ఆళ్ళగడ్డలో మొహాలకు పేరుపడ్డ మనిషి, ఆనాటి నుంచి పీఠాలు నునుపు చేసుకుంటూ కూర్చున్నాడు.

చివరికి నంద్యాల వెళితే, డాక్టరు నిర్మల రక్తపరీక్ష కాగితం చూసి చెప్పింది. "కీళ్ళల్లో వాపుండాది గదా, అది కీళ్ళతోనే ఆగదు. కొందరికి మనసును గూడా కుంగదీస్తాది. నువ్వు సోమరివి గాదప్పా. రెండిటికీ మందులేసుకో."

సోమరిని కాదన్న మాటకే ఆచారికి ఏడుపొచ్చింది. ఆరు నెలలు పూట తప్పకుండా మందులు మింగాడు.

శెట్టి మళ్ళీ వచ్చి అడగ్గా చెక్కుతున్న కొత్త ఆంజనేయుడికి ఇవాళ్టికి ఒళ్ళంతా అయింది. శిల్పశాల ఆనవాయితీ ప్రకారం కళ్ళు ఆఖరున. ఈ మొహం కూడా ఏడిస్తే జన్మలో ఉలి ముట్టనని ఆచారి ఒట్టు పెట్టుకున్నాడు. వాపు నాటి నుంచి మణికట్టుకున్న పట్టీ విప్పి పక్కన పడేసి, ఉలి ఆనించాడు. స్వామికి రెండు కళ్ళూ తెరిచి, పెదవి కొసన నువ్వుగింజంత రాయి లేపి నవ్వు తెచ్చాడు.

మధ్యాహ్నం శెట్టి వచ్చి చూశాడు. చెప్పులు విడిచి మళ్ళీ చూశాడు.

"దొరికినట్టుండాదే కొండ!"

"నంద్యాలలో దొరికిందిలే అన్నా," అని ఆచారి పకపకా నవ్వాడు.

స్వామిని గడ్డి పరిచిన లారీలోకి ఎక్కించారు. లారీ కోయిలకుంట్ల దారి పట్టేదాకా ఆచారి గేటు దగ్గరే నిలబడి, ఆకలి దంచేస్తుంటే గబగబా ఇంటికి నడిచాడు. విగ్రహం నిలిచిన చోటి పక్కన, రాతిపొడిలో, మణికట్టు పట్టీ చుట్ట చుట్టుకుని పడి ఉంది.